ఆ నెలలు పిల్లలవి: వైద్యవిద్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జాతీయ వైద్య కమిషన్ అధ్యక్షులకు, అండర్ గ్రాడ్యుయేట్ వైద్యవిద్యా మండలి సభ్యులకు, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,



నీట్ రాసేసిన పిల్లలు ఎంబీబీఎస్ తరగతిలో కూర్చునేలోపు నెలలకు నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో పనికి వెళ్లి నాలుగు డబ్బులు కళ్లజూడాలా, ఒకసారి దేశం తిరిగి రావాలా అని మా ఫిల్మ్‌నగర్‌లో సీటు రాబోయే ఏ పిల్లనైనా అడిగి చూడండి. "ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదండీ" అంటుంది. పనికీ పోలేదు, ప్రయాణమూ కట్టలేదు. ఫోన్ చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం వెబ్‌సైట్ చూస్తూ కూర్చోవడమే ఆమెకు మిగిలింది. ఈ స్థితి దానంతటది వచ్చిందని నేను ఒప్పుకోను. ఇది మీరు వేసే క్యాలెండర్ తెచ్చిపెట్టిన స్థితి. అందుకే ఈ ఉత్తరం మీకు.

గడిచిన కొన్నేళ్ల తేదీలు మీకు నాకంటే బాగా తెలుసు. అయినా ఒక్కచోట పెట్టి చూడమని కోరుతున్నాను. 2021లో నీట్ సెప్టెంబర్ 12న జరిగింది, ఫలితాలు నవంబర్ 1న వచ్చాయి, తరగతులు మొదలయ్యేసరికి 2022 ఫిబ్రవరి అయింది. 2022లో పరీక్ష జులై 17న జరిగితే పిల్లలు కాలేజీ గడప తొక్కింది నవంబర్‌లో. 2024లో పరీక్ష మే 5న, ఫలితాలు జూన్ 4న. పేపర్ లీకు గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లి, మళ్లీ పరీక్ష అక్కర్లేదని జులై 23న తేలాక, ఆలిండియా కోటా కౌన్సెలింగ్ ఆగస్టు మధ్యలో గానీ మొదలుకాలేదు. అదే జులైలో, 19వ తేదీన, తెలంగాణ ప్రభుత్వం జీవో 33తో స్థానికత నిబంధన మార్చింది. పరీక్ష అయిపోయింది, ర్యాంకులు వచ్చేశాయి, ఆ తర్వాత నిబంధన మారింది! తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్న ఆ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న చెప్పేదాకా, ఆ తర్వాతి బ్యాచ్ పిల్లలు కూడా తాము లోకలో నాన్‌లోకలో తేలక ఎదురుచూశారు.

కోర్టు కేసులు మా చేతుల్లో ఉండవని మీరు అనవచ్చు. పరీక్షకు ముందే ఖరారు కావలసిన నిబంధన ఫలితాల తర్వాత వస్తే కేసులు పడకుండా ఉంటాయా? ప్రభుత్వం అలాంటి జీవో ఇచ్చేటప్పుడు, "ఈ ఏడాదికి వద్దు, వచ్చే ఏడాది నుంచి పెట్టుకోండి" అని చెప్పవలసిన బాధ్యత అడ్మిషన్లు జరిపే విశ్వవిద్యాలయానికి లేదా? ఏ తేదీన ఏం జరగాలో దేశమంతటికీ నిర్ణయించే కమిషన్‌కు లేదా?

మా పేట సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడ బతుకంతా కాల్‌షీట్ల మీద నడుస్తుంది. ఎంత పెద్ద హీరో సినిమా అయినా, రేపు పొద్దున ఎన్ని గంటలకు ఏ లొకేషన్‌కు రావాలో లైట్‌మన్‌కు ముందురోజు రాత్రికల్లా కబురు అందుతుంది. షెడ్యూల్ రద్దయితే ఆ మాటా చెబుతారు. ఎందుకంటే కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో ఉండే ఆ మనిషికి ఈ పని లేకపోతే ఇంకో పని చూసుకోవాలి. రోజుకూలీ మనిషికి ఇచ్చే ఆ పాటి కబురు, లక్షల మంది రాసిన పరీక్షలో నెగ్గిన పిల్లలకు మీరు ఇవ్వలేకపోతున్నారు.

2025 ఆగస్టు గుర్తు చేస్తాను. వేతనాలు 30 శాతం పెంచమని తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ సమ్మెకు దిగింది. ఆగస్టు 4 నుంచి 21 దాకా షూటింగులు ఆగిపోయాయి. చివరికి మూడేళ్లలో 22.5 శాతం పెంచేలా ఒప్పందం కుదిరింది. సమ్మె న్యాయాన్యాయాల్లోకి ఇక్కడ వెళ్లను. ఆ రెండున్నర వారాలు సెట్లమీద పనిచేసే ఇళ్లలో రూపాయి రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలంగాణ పిల్లలు స్థానికత తీర్పు కోసం, కన్వీనర్ కోటా వెబ్ ఆప్షన్ల కోసం కాచుక్కూర్చున్నారు. ఒక కాస్ట్యూమర్ ఇల్లు ఊహించుకోండి. తండ్రికి పనిలేదు. సీటు వస్తుందనుకుంటున్న కూతురు డబ్బింగ్ థియేటర్ రిసెప్షన్‌లోనో, సబ్‌టైటిల్స్ టైపు చేసే ఆఫీసులోనో, ఇంటర్ పిల్లలకు బోటనీ ట్యూషన్ చెప్పో కొంత తేగలదు. కానీ పనిచ్చేవాళ్లు మొదట అడిగే మాట "ఎన్నాళ్లు ఉంటావమ్మా?" అనే. ఆమె ఏం చెప్పాలి? వచ్చే వారమే వెళ్లిపోవచ్చు, రెండు నెలలైనా ఉండొచ్చు అంటే ఎవరు తీసుకుంటారు? ఆ ఇంటికి ప్రైవేటు కాలేజీ కన్వీనర్ కోటాలో ఏడాదికి 60,000 ఫీజు, హాస్టలు, పుస్తకాలు, ఆప్రాన్ తప్పని ఖర్చులు. అందులో కొంత ఆ పిల్ల తన చేతులతో సంపాదించుకోగలిగేది. ఆ అవకాశం తీసేసిందెవరు?

ఆ కృష్ణానగర్‌కు కూతవేటు దూరంలో జూబ్లీహిల్స్ ఉంది. అక్కడా అదే ఏడాది నీట్ రాసిన పిల్లలు ఉంటారు. వాళ్ల ప్రయాణాలు మీ నోటిఫికేషన్ కోసం ఆగవు. కుటుంబంతో యూరప్ వెళ్లి ఉంటే, కబురు రాగానే టికెట్ మార్చుకుని తిరిగొస్తారు. యాజమాన్య కోటాలో ఏడాదికి 11 లక్షల పైచిలుకు కట్టగలిగిన ఇంట్లో, విమానం టికెట్ తేదీ మార్చడం ఒక ఖర్చే కాదు. ఆ పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లు తిరిగి రావాలి, ఇంకా తిరగాలి. నా బాధంతా, తేదీ తెలియకపోవడం అనే శిక్ష ఎప్పుడూ డబ్బులేని పిల్లల మీదే పడటం. మీ కౌన్సెలింగ్‌లో మెరిట్ ఒక్కటే కొలమానం కదా? మరి ఆ మెరిట్ తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఆ నెలలు సెలవులుగానూ, ఇంకొకరికి నిర్బంధంగానూ ఎందుకు మారుతున్నాయి?

ప్రయాణానికి పెద్ద డబ్బు కావాలని కూడా నేను అనను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడపిల్ల ఆధార్ కార్డు చూపించి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం ఏ మూలకైనా ఉచితంగా వెళ్లిరావచ్చు. మర్రిగూడ వెళ్లి ఫ్లోరైడ్ నీళ్లు మనిషి ఎముకల్ని ఏం చేశాయో చూడొచ్చు. ఉట్నూరు వెళ్లి, తెలుగు రాని గోండు తల్లి ఆసుపత్రి కౌంటర్ దగ్గర తన బిడ్డ జబ్బు ఎలా చెప్పుకుంటుందో చూడొచ్చు. సికింద్రాబాద్‌లో రైలెక్కి పలాసలో దిగితే ఉద్దానం. ఆ కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు పాడై డయాలసిస్ కోసం తిరిగే రైతుల్ని చూస్తే, రేపు నెఫ్రాలజీ పుస్తకం తెరిచినప్పుడు ఆ పేజీల్లో మనుషులు కనబడతారు. అయితే ఒక చిక్కుంది. ఇంటర్ అయిపోయి ఎంబీబీఎస్‌లో చేరని పిల్లలు ఏ కాలేజీ విద్యార్థులూ కారు. రైల్వే ఇచ్చే విద్యార్థి రాయితీకి కాలేజీ ధ్రువపత్రం కావాలి. నీట్‌లో అర్హత సాధించిన పిల్లలకు ఒక తాత్కాలిక విద్యార్థి పత్రం ఇవ్వడం విశ్వవిద్యాలయానికి ఎంత పని? ఆ పత్రాన్ని గుర్తించమని రైల్వేకు ఒక ఉత్తరం రాయడం కమిషన్‌కు ఎంత పని?

మీరే 2022 నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం పెట్టారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది నుంచే ప్రతి విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాల్ని చూసుకోవాలన్నారు. మంచి నిర్ణయం. అంతకుముందే, 2019లో, మీకు ముందున్న సంస్థ కొత్త పాఠ్యప్రణాళికతో పాటు ఫౌండేషన్ కోర్సు తెచ్చింది. రోగితో ఎలా మాట్లాడాలి, నైతికత ఏమిటి అన్నవి పాఠాలుగా పెట్టింది. అంటే డాక్టర్ కాబోయేవాళ్లకు ముందు లోకం తెలియాలని మీకూ ఉంది. మరి ఆ లోకం దొరికే నెలలు చేతిలో ఉన్నప్పుడు వాటిని తాళం వేసి ఉంచి, తర్వాత అనాటమీ డిసెక్షన్ గంటల మధ్య లోకజ్ఞానానికి టైంటేబుల్ వేయడం ఏం సబబు?

ఇక గ్యాప్ గురించి. తెలుగు రాష్ట్రాల్లో గ్యాప్ అన్న మాట వింటే పెద్దవాళ్ల గుండె ఆగుతుంది. కానీ లాంగ్ టర్మ్ అంటే ఆగదు. హాస్టల్ గదిలో నిద్ర లేపి రాత్రి దాకా మెటీరియల్ చదివించే లాంగ్ టర్మ్‌కు ఒక ఏడాది, సీటు రాకపోతే రెండో ఏడాది, కొందరికి మూడో ఏడాది కూడా ఇవ్వడానికి ఇళ్లూ ఒప్పుకున్నాయి, మీ నిబంధనలూ ఒప్పుకున్నాయి. అదే పిల్ల సీటు వచ్చాక "ఒక్క ఏడాది పనిచేసి, కొంత తిరిగి వచ్చి చేరతాను" అంటే దానికి మాత్రం దారి లేదు. నీట్ స్కోరు ఆ ఏడాదికే. సీటు వదిలితే పోయినట్టే, మళ్లీ పరీక్ష రాయాలి. కోచింగ్ కోసం ఏడాది పోతే చదువు, పని కోసం ఏడాది పోతే పాడైపోవడమా? ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

మీ నిబంధనలే చూడండి. నీట్ రాయడానికి ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో మీరే ఎత్తేశారు. నలభై ఏళ్ల మనిషి కూడా పరీక్ష రాసి ఎంబీబీఎస్‌లో చేరొచ్చు. 2023 నిబంధనల ప్రకారం ఈ కోర్సు పూర్తి చేయడానికి చేరిన రోజు నుంచి తొమ్మిదేళ్ల గడువుంది. నలభై ఏళ్ల వయసులో మొదలుపెట్టినా, తొమ్మిదేళ్లకు ముగించినా అభ్యంతరం లేని కమిషన్, పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక్క ఏడాది ఆగి చేరతానంటే ఎందుకు వినదు? బ్రిటన్‌లో చాలా వైద్య కళాశాలలు సీటు ఇచ్చి, కారణం సబబుగా ఉంటే మరుసటి ఏడాది చేరనిస్తాయి. అమెరికాలో వైద్య కళాశాలలో చేరేవాళ్లలో సగానికి పైగా డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఎక్కడో పనిచేసో, ఏదో సేవ చేసో వచ్చినవాళ్లే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల పిల్లలు అలాగే చేస్తున్నారు. వాళ్ల బంధువులు ఇక్కడ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడి పిల్లకు మాత్రం అది నేరం.

సీటు ఖాళీగా పోతుంది, ప్రజల డబ్బు వృథా అవుతుంది అని మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు. అది గట్టి అభ్యంతరమే, దాటవేయను. ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి 10,000 ఫీజుతో చదివించే సీటు వెనుక ప్రజల సొమ్ము చాలా ఉంటుంది. అందుకే నేను అడిగేది సీటు ఖాళీగా ఉంచమని కాదు. మొదటి రౌండ్‌లో సీటు ఖరారు చేసుకునేటప్పుడే "వచ్చే ఏడాది చేరతాను" అనే వీలు ఇవ్వండి. ఆ సీటును రెండో రౌండ్‌లో తర్వాతి ర్యాంకు పిల్లకు ఇవ్వండి. వచ్చే ఏడాది ఆ కాలేజీ సీట్లలో ఒకటి ముందే నిండినట్టు చూపండి. కాలేజీకి ఇంతమందే అని ఒక పరిమితి పెట్టండి. నూటికి ఇద్దరు చాలంటే ఇద్దరే. ఒక సీటు కూడా వృథా కాదు. మాప్ అప్ రౌండ్లు, స్ట్రే వేకెన్సీ రౌండ్లు నడిపే మీ సాఫ్ట్‌వేర్‌కు ఇది పెద్ద పనా?

పనీ ప్రయాణమూ డాక్టర్ చదువుకు ఎదురు అనుకునేవాళ్లకు ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు గుర్తు చేయాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆ పిల్లవాడు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరి దారిలోనే పట్టుబడ్డాడు. ఒకే పరుగులో సంపాదనా ప్రయాణమూ రెండూ కోరుకున్నవాడు. తర్వాత మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పనిచేస్తూ నిలదొక్కుకున్నాడు. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసే పద్ధతి కనిపెట్టిన బృందాన్ని నడిపింది ఆయనే. ఇవాళ మా బస్తీ దవాఖానాలో గర్భిణికి ఇచ్చే మాత్రలో అది ఉంది. రోగి మంచం కింద పాత్ర ఎత్తిన చేతులు ఏమీ చెడిపోలేదు.

మా సినిమా పేటలోనూ అలాంటి ఉదాహరణ ఉంది. సాయిపల్లవి జార్జియాలోని తిబిలిసిలో వైద్యం చదువుతూ, సెలవుల్లో వచ్చి 'ప్రేమమ్'లో నటించి, మళ్లీ వెళ్లి 2016లో చదువు ముగించింది. ఆ తర్వాతే 'ఫిదా'. అంతకు చాలాముందు, ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివిన ప్రభాకర్ రెడ్డి సినిమాల్లోకి వచ్చారు. సినీ కార్మికుల ఇళ్ల కోసం ఆయన పడిన తపనకు గుర్తుగా మణికొండలో చిత్రపురి కాలనీకి ఆయన పేరే ఉంది. రెండు లోకాలు తెలిసిన మనిషి కాబట్టే కార్మికుడి ఇంటి కష్టం ఆయనకు తెలిసిందని నా నమ్మకం.

ఇంతకీ సంపాదించాలా, తిరగాలా? నన్నడిగితే ఒక్క జవాబు అందరికీ సరిపోదు. పుట్టినప్పటి నుంచీ విమానాలెక్కిన పిల్ల సంపాదించాలి. సొంత పేరు, ఇంటి పేరు పనికిరాని చోట, నెలకు వచ్చే జీతంలో బస్సు ఛార్జీ, భోజనం లెక్కవేసుకుంటూ, ఆలస్యమైతే మాట పడుతూ పనిచేయాలి. టీబీ మందులు నెలల తరబడి వాడాల్సిన మనిషి రెండో నెలకే ఎందుకు మానేస్తాడో, ఓపీ లైన్‌లో నిలబడితే ఆ రోజు కూలి పోతుందన్న మాట ఎంత నిజమో ఆ అమ్మాయికి అప్పుడు తెలుస్తుంది. కృష్ణానగర్‌లో, దీన్‌దయాళ్ నగర్‌లో పెరిగిన పిల్లకు పని కొత్తగా నేర్పక్కర్లేదు. అమ్మ వెనకాల అంట్లకు వెళ్లింది, నాన్న తెచ్చే బేటా డబ్బులు లెక్కపెట్టింది. ఆ పిల్ల వెళ్లాలి. ఒక్కసారైనా ఎవరి పనీ చేయకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, కిటికీ పక్కన కూర్చుని ఊళ్లు చూడాలి. తర్వాత అయిదున్నరేళ్లు ఆమెకు ఆ తీరిక దొరకదు. ఆ తర్వాత పీజీ ఉంది, ఇంటి బాధ్యత ఉంది. ఇల్లు గడవని ఇంటి పిల్ల ముందు సంపాదించి, ఆ డబ్బులో కొంత దాచి తిరిగితే ఇంకా మంచిది. ఏదైనా ఆమె నిర్ణయం కావాలి. ఇవాళ అది ఆమె నిర్ణయం కాదు.

ఈ కోరిక గారాబం అనుకోకండి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మీరు నియమించిన జాతీయ కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక మీ అల్మారాలోనే ఉంది. సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. నాలుగో వంతుకు మించి! ఎనిమిదో తరగతి నుంచి ఫౌండేషన్ బ్యాచ్, తర్వాత ఇంటర్ హాస్టల్, తర్వాత లాంగ్ టర్మ్, తర్వాత దిక్కుతోచని ఎదురుచూపు, ఆ వెంటనే కాలేజీ. మధ్యలో పిల్ల ఊపిరి తీసుకున్నది ఎప్పుడు? కాలేజీలో చేరాక కౌన్సెలర్‌ను పెట్టడం అవసరమే. చేరడానికి ముందు మూడు నెలలు ఆమెవి ఆమెకు వదిలితే ఆ కౌన్సెలర్ పని కొంత తగ్గుతుందని మీకు అనిపించలేదా?

ఫిల్మ్‌నగర్‌కు ఆనుకుని ఉన్న అపోలో ఆవరణలో 2012 నుంచి వైద్య కళాశాల ఉంది. తెల్లకోటు వేసుకుని ఆ పిల్లలు రోడ్డు దాటుతుంటే మా పేటలో తల్లులు తమ పిల్లలకు చూపించి "నువ్వూ అలా కావాలి" అంటారు. ఆ తల్లుల తరఫున అయిదు మాటలు అడుగుతున్నాను.

నీట్ నోటిఫికేషన్ ఇచ్చే రోజునే ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యే తేదీ కూడా ప్రకటించండి. కోర్టు కేసు వల్ల మారితే, కొత్త తేదీ కనీసం మూడు వారాల ముందు చెప్పండి. స్థానికత, రిజర్వేషన్, ఫీజు నిబంధనల్లో ఏ మార్పైనా పరీక్షకు ముందే జరగాలని, తర్వాత జరిగితే ఆ ఏడాదికి వర్తించదని రాసిపెట్టండి. సీటు వచ్చిన పిల్లలకు ఏడాది ఆగి చేరే వీలు, పరిమిత సంఖ్యలోనైనా, వచ్చే అడ్మిషన్ల నుంచే ఇవ్వండి. నీట్‌లో అర్హత సాధించినవారికి చేరేదాకా చెల్లే విద్యార్థి పత్రం ఇవ్వండి. సర్టిఫికెట్ల పరిశీలన కోసం, రిపోర్టింగ్ కోసం పిల్లలు స్వయంగా రావలసిన రోజులు ఏవో ముందే చెప్పి, మిగతావన్నీ ఎక్కడి నుంచైనా ఫోన్‌లో పూర్తయ్యేలా చేయండి. ఉట్నూరులో ఉన్నా, సెట్‌లో ఉన్నా వెబ్ ఆప్షన్లు పెట్టుకోగలగాలి.

వీటిలో ఏ ఒక్కటీ కొత్త భవనం అడగదు, కొత్త బడ్జెట్ అడగదు. మీ సంతకం ఉంటే చాలు. వచ్చే నోటిఫికేషన్ వెలువడేలోపు ఆ సంతకం పెట్టండి. పెట్టలేకపోతే, ఎందుకు పెట్టలేకపోతున్నారో బహిరంగంగా చెప్పండి. పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ ఆ జవాబు చదవడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఫిల్మ్‌నగర్ నివాసి
హైదరాబాద్